బ్లాగులో పోస్టు వేరు, పేజీ వేరు.. మెనూ ఎలా పెట్టుకోవాలి?

స్కాలర్‌షిప్ సీజన్ వచ్చిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో పాత లింకులన్నీ మళ్లీ లేచి తిరుగుతాయి. మైనారిటీ పిల్లలకు కేంద్రం ఇచ్చే ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఒకప్పుడు ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉండేది. 2022-23 నుంచి దాన్ని 9, 10 తరగతులకే పరిమితం చేశారు. ఎనిమిది వరకు విద్యాహక్కు చట్టం కింద ఉచిత చదువు ఉంది కదా అన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఇచ్చే మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్ కూడా అదే ఏడాది నుంచి ఆగిపోయింది. కానీ 2020లోనో 2021లోనో ఎవరో నలుగురికీ పనికొస్తుందని రాసిన బ్లాగు పోస్టు మాత్రం నెట్‌లో అట్లాగే ఉంటుంది. అందులో ఒకటో తరగతి నుంచి అర్హులే అని ఉంటుంది. నాలుగో తరగతి పిల్లాడి తల్లి అది చదువుకుని, ఒక రోజు కూలి పోగొట్టుకుని, ఇన్‌కమ్ సర్టిఫికెట్ కోసం మీసేవ దగ్గర క్యూలో నిలబడుతుంది.

రాసినాయన అబద్ధం రాయలేదు. రాసిన రోజుకు అది నిజమే. చిక్కల్లా ఎక్కడుందంటే, ఎప్పటికప్పుడు సరిచేసుకుంటూ ఒకేచోట ఉంచాల్సిన సమాచారాన్ని తారీకు వేసి పోస్టుగా పెట్టేశాడు. ఆ తర్వాత కొత్త సంవత్సరం వస్తే కొత్త పోస్టు రాశాడు. పాతది పాతచోటే ఉంది, కొత్తది కొత్తచోట ఉంది. గూగుల్ ఏది చూపిస్తే జనం అది చదువుతారు.

మన దగ్గర బ్లాగులు రాసే టీచర్లు, డిగ్రీ పిల్లలు, వంటలు రాసే ఆడవాళ్లు తక్కువేం లేరు. వాళ్లలో చాలామంది పోస్టులు మాత్రమే రాస్తారు. పక్కనే 'పేజెస్' అని ఇంకో మాట కనిపిస్తున్నా దాని జోలికి పోరు. అదేమిటో, దాన్ని మెనూలో ఎట్లా పెట్టాలో ఈ వ్యాసంలో చూద్దాం.

బీకామ్ చదివినవాళ్లకు ఒక్క మాటలో చెప్పొచ్చు. పోస్టు అంటే చిట్టా, పేజీ అంటే ఆవర్జా. చిట్టాలో ఏ రోజు వ్యవహారం ఆ రోజు తారీకు ప్రకారం రాసుకుంటూ పోతాం. ఆవర్జాలో రహీం ఖాతా రహీందే, బ్యాంకు ఖాతా బ్యాంకుదే. రహీం ఎంత బాకీ ఉన్నాడో తెలియాలంటే ఏడాది చిట్టా తిరగేయనక్కర్లేదు, ఆయన ఖాతా తెరిస్తే చాలు. చిట్టా ఒక్కటే ఉంచుకుని వ్యాపారం చేసే దుకాణదారుడు ఎట్లా ఉంటాడో, పోస్టులు మాత్రమే ఉన్న బ్లాగు కూడా అట్లాగే ఉంటుంది. అన్నీ ఉంటాయి, అడిగింది మాత్రం దొరకదు.

బ్లాగు మొదట పుట్టింది డైరీలాగే. అందుకే కొత్తది పైన, పాతది కింద అన్న పద్ధతి వచ్చింది. బ్లాగర్ 1999లో మొదలైంది, 2003లో గూగుల్ చేతికి వచ్చింది. విడిగా పేజీలు పెట్టుకునే సౌకర్యం అందులో 2010లో గానీ రాలేదు. వర్డ్‌ప్రెస్ అంతకు ముందే, 2005లో వచ్చిన 1.5 వెర్షన్‌లో, పేజీలను చేర్చింది. అప్పటిదాకా జనం ఒక పోస్టునే పాత తారీకు వేసి దాచుకుని, దాని లింకు సైడ్‌బార్‌లో అతికించుకునేవాళ్లు. ఆ అలవాటు ఇంకా కొందరిలో ఉంది.

ఇంతకీ దేనికి పేజీ కావాలి? నాకు తోచిన లెక్క ఇది. ఆరు నెలల తర్వాత వచ్చిన మనిషి కూడా అడిగే ప్రశ్న అయితే దానికి పేజీ కావాలి. స్కాలర్‌షిప్‌కు ఏ కాగితాలు కావాలి, బీసీ-ఈ సర్టిఫికెట్ ఎక్కడ తీసుకోవాలి, మీరెవరు, మిమ్మల్ని ఎట్లా కలవాలి, ఆర్డర్ ఇవ్వాలంటే రేటెంత, ఇట్లాంటివన్నీ పేజీలే. నిన్న జరిగిన మీటింగు, ఈసారి రిజల్ట్, రంజాన్‌లో చేసిన కొత్త వంట.. ఇవి పోస్టులు. తాతల నాటి షజరా, అంటే వంశవృక్షం, రాసి పెట్టుకునే కుటుంబాలు కూడా ఉన్నాయి. అది ఖచ్చితంగా పేజీయే. కొత్తగా పిల్లలు పుట్టినప్పుడల్లా అదే చోట పేరు చేర్చుకోవచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పోస్టు మీద తారీకు కనిపిస్తుంది, చాలా థీముల్లో పేజీ మీద కనిపించదు. అంటే మీరు పేజీ పెట్టి రెండేళ్లు దాని ముఖం చూడకపోతే, అది పాత పోస్టు కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. పోస్టుకైతే కనీసం పైన 2021 అని ఉంటుంది, చూసినవాళ్లు అనుమానపడతారు. పేజీ ఎప్పుడూ కొత్తదానిలాగే కనిపిస్తుంది. అందుకని స్కాలర్‌షిప్ లాంటి పేజీకి మొదటి లైన్‌లోనే ఇది ఏ విద్యా సంవత్సరానికి సంబంధించింది, చివరిగా ఏ రోజు సరిచూశారు అన్నది మీ చేత్తో రాయండి. చివరి తేదీని ఆ పేజీలో రాయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. తేదీలు పొడిగిస్తూనే ఉంటారు. దానికి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ లింకు ఇచ్చి, అక్కడ చూసుకోమనండి.

బ్లాగర్‌లో పేజీ పెట్టడం అయిదు నిమిషాల పని. డ్యాష్‌బోర్డులో ఎడమవైపు పోస్ట్స్, స్టాట్స్, కామెంట్స్ వరుసలో కిందికి వస్తే పేజెస్ ఉంటుంది. దాన్ని నొక్కి న్యూ పేజ్ అంటే పోస్టు రాసేలాంటి కిటికీయే తెరుచుకుంటుంది. పైన శీర్షిక, కింద విషయం. కుడివైపు ఆప్షన్స్‌లో కామెంట్లు కావాలా వద్దా అని అడుగుతుంది. స్కాలర్‌షిప్ పేజీకి కామెంట్లు తెరిచి ఉంచితే జనం ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు అక్కడే రాసేస్తారు. మూసేయండి.

పబ్లిష్ నొక్కే ముందు ఒక్క క్షణం ఆగండి. శీర్షిక తెలుగులో పెడితే బ్లాగర్ ఆ పేజీ అడ్రసులో తెలుగు అక్షరాలు వాడదు. 'బ్లాగ్-పేజ్' అని ఇంగ్లీషులో ఒక అర్థం లేని పేరు తగిలిస్తుంది. రెండో పేజీకి అదే పేరు పక్కన అంకెలు కలుపుతుంది. పోస్టుకైతే అడ్రసు మనమే రాసుకునే వీలుంది, పేజీకి లేదు. దీనికి బ్లాగర్లు ఎప్పటి నుంచో వాడే చిట్కా ఒకటుంది. మొదట శీర్షికను ఇంగ్లీషు అక్షరాల్లో 'స్కాలర్‌షిప్' అని టైప్ చేసి పబ్లిష్ చేయండి. అడ్రసు ఆ పేరుతో ఖాయమైపోతుంది. తర్వాత ఎడిట్‌లోకి వెళ్లి శీర్షికను తెలుగులోకి మార్చి అప్‌డేట్ చేయండి. పేరు మారుతుంది, అడ్రసు మారదు.

వర్డ్‌ప్రెస్‌లో దీనికి పూర్తిగా ఉల్టా సమస్య. అది తెలుగు శీర్షికను తెలుగులోనే అడ్రసుగా మారుస్తుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ కాపీ చేసి వాట్సాప్‌లో వేస్తే శాతం గుర్తులు, అంకెలు, అక్షరాలతో కొండవీటి చాంతాడంత అవుతుంది. ఎందుకంటే తెలుగులో ప్రతి అక్షరం, ప్రతి గుణింతపు గుర్తు కంప్యూటర్ లోపల మూడేసి బైట్లు. అడ్రసులో ఒక్కో బైటు మూడేసి గుర్తులుగా మారుతుంది. అంటే ఒక్కోదానికి తొమ్మిది. 'సంప్రదించండి' అన్న మాటలో పొల్లు, సున్నాలతో కలిపి ఇట్లాంటివి 12 ఉన్నాయి. కాబట్టి ఆ ఒక్క మాటే 108 గుర్తులవుతుంది. మన అమ్మీలు, ఖాలాలు అట్లాంటి లింకు చూస్తే ఏదో వైరస్ అనుకుని నొక్కరు. నిజానికి అట్లా అనుకోవడమే మంచిది కూడా. అందుకని పేజీ రాసే కిటికీలో కుడివైపు స్లగ్ అనే చోట ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న పేరు ఇవ్వండి.

ఈ అడ్రసు గురించి ఇంత ఎందుకు చెబుతున్నానంటే, పేజీకి ఉన్న అసలు బలం అదే. బ్లాగర్‌లో పోస్టు అడ్రసులో సంవత్సరం, నెల ఉంటాయి. పేజీ అడ్రసులో అవి ఉండవు. ఒకసారి ఇచ్చిన అడ్రసు పదేళ్లయినా అదే. దాన్ని పాంప్లెట్ మీద వేయించవచ్చు, క్యూఆర్ కోడ్ చేసి దుకాణం గోడకు అంటించవచ్చు, గ్రూపులో పిన్ చేయవచ్చు. లోపల సమాచారం ప్రతి ఏడాదీ మారుతుంది, తలుపు మాత్రం మారదు.

సరే, పేజీ తయారైంది. కానీ దాని లింకు మెనూలో లేకపోతే, బ్లాగుకు వచ్చినవాళ్లకు అది కనపడదు. బ్లాగర్‌లో పేజీ పబ్లిష్ చేయగానే మెనూలోకి దానంతటదే రాదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి, పేజీ పోయిందనుకుంటారు. డ్యాష్‌బోర్డులో లేఅవుట్‌లోకి వెళ్లండి. బ్లాగు నమూనా గళ్లుగళ్లుగా కనిపిస్తుంది. పైభాగంలో, హెడర్ కింద యాడ్ ఎ గ్యాడ్జెట్ నొక్కి పేజెస్ అన్న గ్యాడ్జెట్ ఎంచుకోండి. మీ పేజీల జాబితా వస్తుంది, కావాల్సినవాటికి టిక్ పెట్టండి. వరుస కూడా అక్కడే మార్చుకోవచ్చు. సేవ్ చేస్తే మెనూ రెడీ.

అదే గ్యాడ్జెట్‌లో బయటి లింకు చేర్చే సౌకర్యం ఉంది. దీన్ని చాలామంది గమనించరు. వంటల పోస్టులన్నిటికీ 'వంటలు' అని లేబుల్ ఇచ్చారనుకోండి. బ్లాగులో ఆ లేబుల్ మీద నొక్కితే ఆ పోస్టులన్నీ ఒకచోట వస్తాయి. ఆ అడ్రసు కాపీ చేసి ఇక్కడ లింకుగా ఇస్తే, మెనూలో 'వంటలు' అన్న బటన్ వస్తుంది. మీరు కొత్త వంట రాసి లేబుల్ ఇచ్చిన ప్రతిసారీ అందులో అదే చేరిపోతుంది. పేజీ రాసి ఒక్కో వంట లింకు చేత్తో అతికించే శ్రమ తప్పుతుంది.

మెనూలో ఎన్ని ఉండాలి? నన్నడిగితే అయిదు, మహా అయితే ఆరు. మన దగ్గర ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తారు. ఫోన్‌లో చాలా థీములు మెనూను మూడు అడ్డగీతల వెనక దాచేస్తాయి, లేదా ఒక లైన్‌లో పట్టినన్ని చూపించి మిగతావి 'మోర్' కిందకు నెట్టేస్తాయి. వరుసలో చివర ఉన్నదాన్ని ఎవరూ చూడరని అనుకునే పెట్టాలి. అందుకే 'నా గురించి' అన్నది మొదట పెట్టే పద్ధతి నాకు నచ్చదు. వచ్చినవాళ్లు మన చరిత్ర కోసం రాలేదు, పిల్లాడి స్కాలర్‌షిప్ కోసం వచ్చారు. అది ముందుండాలి, మనం చివర ఉండొచ్చు.

పేర్లు కూడా జనం మాట్లాడే మాటల్లోనే పెట్టండి. 'విద్యార్థి ఉపకార వేతన సమాచార నిధి' అని రాస్తే వ్యాకరణం బాగుంటుందేమో, నొక్కేవాళ్లుండరు. 'స్కాలర్‌షిప్' చాలు. 'ఇతరములు' అని పెట్టేదాంట్లో ఏముందో పెట్టినవాళ్లకు కూడా నెల తర్వాత గుర్తుండదు.

వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లకు రెండు మూడు మాటలు. పాత రకం థీము అయితే అపియరెన్స్‌లో మెనూస్ అని ఉంటుంది, అక్కడ పేజీలను ఎంచి వరుసగా పెట్టుకోవచ్చు. 2022 జనవరిలో వచ్చిన 5.9 వెర్షన్ నుంచి బ్లాకులతో నడిచే థీములు వచ్చాయి. వాటిలో అపియరెన్స్, ఎడిటర్, ఆ తర్వాత నావిగేషన్ దారిలో వెళ్లాలి. ఈ కొత్త థీముల్లో తరచూ 'పేజ్ లిస్ట్' అనే బ్లాకు ముందే పెట్టి ఉంటుంది. అది బ్లాగర్‌కు ఉల్టా. మీరు పబ్లిష్ చేసిన ప్రతి పేజీనీ అడక్కుండా మెనూలోకి లాగేస్తుంది. ఏదో ప్రయత్నించి చూద్దామని పెట్టిన పేజీ కూడా తల మీద కనిపిస్తుంది. దాన్ని తీసేసి, లింకులు ఒక్కొక్కటిగా చేర్చుకోవడం మేలు.

తెరవగానే పోస్టులు కాకుండా ఒక పేజీయే కనిపించాలనుకుంటే సెట్టింగ్స్‌లో రీడింగ్ దగ్గర స్టాటిక్ పేజ్ ఎంచుకోవచ్చు. అయితే అట్లా మార్చగానే కొందరు, నా పోస్టులన్నీ పోయాయి భాయ్ అని కంగారు పడి ఫోన్ చేస్తుంటారు. ఎక్కడికీ పోవు. 'బ్లాగు' అని ఒక ఖాళీ పేజీ చేసి, అదే రీడింగ్ దగ్గర పోస్ట్స్ పేజ్ అన్నచోట దాన్ని ఎంచుకోవాలి. ఆ పేజీని మెనూలో కూడా చేర్చితే పోస్టులన్నీ అక్కడ దొరుకుతాయి.

మన ఇళ్లలో ఇంకో అవసరం ఉంటుంది. పెద్దవాళ్లు ఉర్దూ చదువుతారు, పిల్లలు తెలుగు చదువుతారు. ఒకే పోస్టులో రెండూ కలిపి రాస్తే ఉర్దూ వాక్యం చివరి ఫుల్‌స్టాప్ మొదట్లోకి వచ్చి పడుతుంది, మధ్యలో అంకెలు, ఇంగ్లీషు మాటలు ఉంటే వరుస తారుమారవుతుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుందన్న సంగతి ఆ పేజీకి చెప్పకపోతే వచ్చే ఇబ్బంది ఇది. ఉర్దూకు విడిగా పేజీ పెట్టి, హెచ్‌టీఎంఎల్ వ్యూలో ఆ భాగానికి 'డిర్' అనే గుణం దగ్గర 'ఆర్‌టీఎల్' అని ఇవ్వాలి. ఇది రెండు ముక్కల పని, ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్ల ఉంటే క్షణంలో చేసిపెడుతుంది. చాలా ఫోన్లలో ఉర్దూ నస్ఖ్ లిపిలో కనిపిస్తుంది, పెద్దవాళ్లకు అది అరబీ చదువుతున్నట్టుంటుంది. గూగుల్ ఉచితంగా ఇచ్చే నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఫాంటు పెడితే వాళ్లకు అలవాటైన రాత వస్తుంది. నస్తాలీఖ్‌లో అక్షరాలు కిందికి జారుతూ వెళ్తాయి కాబట్టి లైన్ల మధ్య ఎడం పెంచాలి, లేకపోతే ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. మెనూలో ఆ పేజీ పేరు 'ఉర్దూ' అని తెలుగులో కాకుండా ఉర్దూ లిపిలోనే పెట్టండి. అది వెతికేది ఉర్దూ చదివేవాళ్లే కదా.

ఇక అందరూ ఆలోచించకుండా చేసే పని, 'సంప్రదించండి' పేజీ. రంజాన్‌లో ఇంటి దగ్గరే హలీం, దహీ వడే, సమోసా చేసి ఆర్డర్లు తీసుకునే ఆడవాళ్లు ఉన్నారు. మగ్గం వర్క్ చేసేవాళ్లు ఉన్నారు. వాళ్ల బ్లాగులో సొంత ఫోన్ నంబరు, ఇంటి నంబరుతో సహా అడ్రసు రాసి ఉంటుంది. పోస్టులో రాస్తే నాలుగు రోజులకు కిందికి పోతుంది, పేజీలో రాస్తే ప్రతి ఒక్కరికీ, ప్రతి రోజూ, తల మీదే కనిపిస్తుంది. అర్ధరాత్రి వీడియో కాల్స్ వస్తున్నాయని బ్లాగే మూసేసుకున్న ఒక ఆపా నాకు తెలుసు. గూగుల్ ఫామ్ ఒకటి చేసి, దాని ఎంబెడ్ కోడ్‌ను పేజీ హెచ్‌టీఎంఎల్ వ్యూలో అతికిస్తే ఆర్డర్లు నేరుగా షీటులోకి వస్తాయి. ఎవరికి తిరిగి ఫోన్ చేయాలో మీరే నిర్ణయించుకోవచ్చు. నంబరు ఇవ్వక తప్పదంటే వాట్సాప్ బిజినెస్ కోసం విడిగా ఒక సిమ్ పెట్టుకోండి. అడ్రసు దగ్గర వీధి పేరు, దగ్గర్లోని మసీదు పేరు రాస్తే సరిపోతుంది. మిగతాది ఆర్డర్ ఖాయమయ్యాక చెప్పొచ్చు.

మెనూలో పెట్టని పేజీ రహస్యంగా ఉంటుందనుకునేవాళ్లకు ఇది కూడా చెప్పాలి. ఉండదు. నికా కార్డు, అమ్మాయి ఫోటోలు, బంధువుల నంబర్ల పట్టిక ఒక పేజీలో పెట్టి, లింకు మనవాళ్లకే పంపాం కదా అనుకుంటారు. పబ్లిష్ అయిన పేజీ లోకానికంతా తెరిచి ఉన్నట్టే. లింకు ఎక్కడో ఒకచోట పడితే గూగుల్‌కు కూడా దొరుకుతుంది. వర్డ్‌ప్రెస్‌లో పేజీకి పాస్‌వర్డ్ పెట్టొచ్చు. బ్లాగర్‌లో ఒక్క పేజీకి పాస్‌వర్డ్ పెట్టే వీలు లేదు, పెడితే బ్లాగు మొత్తాన్ని పిలిచినవాళ్లకే పరిమితం చేయాలి. పెళ్లి ఫోటోలకు బ్లాగు సరైన చోటు కాదని నేననుకుంటాను.

చివరికి పాత పోస్టుల సంగతి. కొత్త పేజీ పెట్టినంత మాత్రాన అది మీ పాత చదువరులకు చేరదు. బ్లాగు ఫీడులో పోస్టులే వెళ్తాయి, పేజీలు వెళ్లవు. ఈమెయిల్‌లో మీ బ్లాగు చదివేవాళ్లకు పేజీ పుట్టిన సంగతే తెలియదు. అందుకని 'స్కాలర్‌షిప్ వివరాలన్నీ ఇకనుంచి ఇక్కడ' అని ఒక చిన్న పోస్టు రాసి లింకు ఇవ్వండి.

2021 నాటి ఆ పోస్టును మాత్రం డిలీట్ చేయకండి. దాని లింకు ఎన్ని గ్రూపుల్లో తిరుగుతోందో మనకు తెలియదు, తీసేస్తే నొక్కినవాళ్లకు ఖాళీ పేజీ వస్తుంది. దాన్ని ఎడిట్ చేసి, అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో 'ఇది 2021 నాటి సమాచారం, 8వ తరగతి లోపు పిల్లలకు ఇప్పుడు వర్తించదు, తాజా వివరాలకు ఇక్కడ నొక్కండి' అని రాయండి. ఆ ఓపిక కూడా లేదంటే, బ్లాగర్ సెట్టింగ్స్‌లో ఎర్రర్స్ అండ్ రీడైరెక్ట్స్ కింద కస్టమ్ రీడైరెక్ట్స్ ఉంటుంది. పాత పోస్టు అడ్రసు ఒక గడిలో, కొత్త పేజీ అడ్రసు ఇంకో గడిలో ఇస్తే, పాత లింకు నొక్కినవాళ్లు నేరుగా కొత్త పేజీలో దిగుతారు. రెండు గళ్లలోనూ బ్లాగు పేరు లేకుండా, దాని తర్వాత అడ్డగీత నుంచి మొదలయ్యే ముక్క మాత్రమే ఇవ్వాలి. సేవ్ చేశాక ఆ పాత లింకును మీ ఫోన్‌లో కాకుండా ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో నొక్కి చూడండి.